మీ ఇంట్లోకి నీళ్ళు వస్తాయా?

జీవన ప్రమాణాల పట్టికలో రాష్ట్రం పద్నాలుగో స్థానం నుంచి ఒక్క ఉరుకున మూడో స్థానానికి ఎగిరిందని తెలిసిన రోజు, గణాంక శాఖ ఆఫీసులో ఒక్క కాగితం కూడా కదల్లేదు. పెద్ద సారు కేకు తెప్పించాడు. దాని మీద క్రీముతో మూడు అంకె వేయించాడు. ఆ అంకె ఉన్న ముక్క ఎవరికీ ఇవ్వకుండా తనే తిన్నాడు. తినడూ మరి? ఈ ఏడు సర్వే ఫారంలో ప్రశ్నలన్నీ తిరగరాసింది ఆయనే. "ఇంటి ఆవరణయందు రక్షిత మంచినీటి సరఫరా సౌకర్యము కలదా?" అన్న పాత ప్రశ్న ఎవడికీ అర్థమై చావడం లేదని దాన్ని కొట్టేసి, "మీ ఇంట్లోకి నీళ్ళు వస్తాయా?" అని పెట్టాడు. జనం భాషలో రాశానని అప్పట్నుంచి కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకుంటున్నాడు. కాకిపిల్ల కాకికి ముద్దు.

ఆ ఫారాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగినవాళ్ళలో లెక్కల వదిన ఒకతె. ఆమె మరిది ఒకసారి ఆఫీసుకి ఫోన్ చేసి "మా లెక్కల వదిన ఉందాండీ" అని అడిగాడు. అంతే, ఆ పిలుపు ఆమెకి అంటుకుపోయింది. ఇప్పుడు ప్యూను నుంచి పెద్ద సారు దాకా అందరికీ ఆమె వదినే. ఇరవై రెండేళ్ళుగా గుమ్మాల్లో నిలబడి ప్రశ్నలు చదవడం ఆమె ఉద్యోగం. ఫారంలో మాట ఉన్నది ఉన్నట్టు చదవాలి, సొంత మాట ఒక్కటి కలపకూడదు అన్నది శాఖలో నియమం. ఆ నియమాన్ని ఆమె తప్పింది లేదు. ముప్పు అక్కడే వచ్చింది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి గేటుకి బ్యానరు వేలాడుతోంది: "మూడో స్థానం, మా పాలన ఘనత." కట్టింది మరిది. అతను అధికార పార్టీకి వీధి కార్యదర్శి. లోపల మామగారు రుసరుసలాడుతూ కూర్చున్నారు. ఆయన పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి రెండో పార్టీ మనిషి. ఆ తండ్రీకొడుకుల మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. వదిన భర్తకి రైళ్ళలో టికెట్లు చూసే ఉద్యోగం కాబట్టి చాలామటుకు తప్పించుకుంటాడు. మంట ఆర్పేది ఆమే.

"మా నాయకుడు కుర్చీ ఎక్కి పద్దెనిమిది నెలలు కాలేదు, పదకొండు మెట్లు ఎక్కించాడు!" అన్నాడు మరిది.

"మావాళ్ళు నాటిన చెట్టుకి కాసిన కాయలు మీవాడు కోసుకుంటున్నాడు," అన్నారు మామగారు.

"మరి పోయినేడు పద్నాలుగు వచ్చినప్పుడో?"

"అది మీవాడు చెడగొట్టినందుకు."

"పైకెళ్తే మేము, కిందికెళ్తే మీరు!" అంది వదిన టీ కప్పులు ముందు పెడుతూ. "ఇరవై రెండేళ్ళ పట్టికలు నా బీరువాలో ఉన్నాయి. ఒక్కసారైనా తీసి చూశారా ఇద్దరూ?"

ఇద్దరూ చూడలేదు. చూడాలని అనుకోనూ లేదు.

వారం తిరిగాక మంగళవారం పొద్దున్న ఆమె బల్ల మీదికి ఒక జాబితా వచ్చింది. కొత్తగా మంచినీళ్ళ పైపులు వేయాల్సిన వీధుల జాబితా అది. పట్టికలోని లెక్కల్ని బట్టి తయారైంది. శుక్రవారం మంత్రి దాని మీద సంతకం పెడితే మళ్ళీ అయిదేళ్ళ దాకా మార్చరు. అందులో పల్లపు వీధి పేరు మీద అడ్డంగా గీత ఉంది. పక్కన ఇలా రాసి ఉంది: "నూట పన్నెండు ఇళ్ళకుగాను నూట పది ఇళ్ళలోకి నీళ్ళు వస్తున్నవి. అవసరం లేదు."

పల్లపు వీధి ఆడవాళ్ళు మెయిన్ రోడ్డు కుళాయి దగ్గర బిందెలతో బారులు తీరి ఉండటం వదిన రోజూ బస్సులోంచి చూస్తుంది. మరి ఇళ్ళలో నీళ్ళున్నాయని రాసిన గుడ్డివాడెవడు? ఆ వీధి ఫారాలు తీసి చూస్తే కింద ఉన్నది తన సంతకమే. ఆ వీధికి సర్వేకి వెళ్ళింది ముసురు పట్టిన రోజున. ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో అట్టముక్క. ప్రశ్న ఉన్నది ఉన్నట్టు చదివింది. ప్రతి ఇంట్లోనూ "వస్తాయమ్మా" అన్నారు. ప్రతి ఇంటికీ టిక్కు పెట్టింది.

మధ్యాహ్నం సెలవు చీటీ రాసి పడేసి పల్లపు వీధికి పరుగెత్తింది. మొదటి ఇంట్లో ఒక అవ్వ ఒంటరిగా ఉంటుంది.

"అవ్వా, మీ ఇంట్లోకి నీళ్ళు వస్తాయన్నావు కదా నాతో?"

"వస్తాయి తల్లీ, రాకేం? ఏటా వస్తాయి. ఇదిగో, ఇక్కడి దాకా వచ్చాయి ఈసారి." అవ్వ లేచి గోడ మీద మట్టి గీత చూపించింది. అది అవ్వ గడ్డాన్ని తాకుతోంది. "మంచం తేలింది. పొయ్యి కరిగిపోయింది. మీరు కాగితం పట్టుకుని అడిగితే, పోనీలే, గవర్నమెంటుకి ఇన్నాళ్ళకి తెలిసిందనుకున్నాం."

వదినకి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. వరదకి టిక్కు పెట్టి వచ్చింది తను! ఆ టిక్కులన్నీ కలిసి రాష్ట్రాన్ని మూడో మెట్టు మీద కూర్చోబెట్టాయి. రాష్ట్రంలో ఇలాంటి పల్లపు వీధులెన్ని, ఆ ముసురులో టిక్కు పెట్టిన చేతులెన్ని! ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టు, ఆ సంబరం తిరిగి తిరిగి ఈ అవ్వ నెత్తినే పడింది.

మర్నాడు పెద్ద సారు ఆమె చెప్పింది విని చెమటలు తుడుచుకున్నాడు. ఆయన పరిస్థితి విడవమంటే పాముకి కోపం, కరవమంటే కప్పకి కోపం. "వదినా, మూడు అని ఊరంతా చాటాక ఇప్పుడు కాదంటే నన్ను బతకనిస్తారా? నోటిమాట మీద పట్టిక మార్చమంటావా?"

"నోటిమాట కాదు సార్. సవరణ చీటీ అని ఒకటుంది కదా మనకి. సర్వే చేసిన మనిషే తన తప్పు తను రాసి, ఇంటివాళ్ళ సంతకం తీసుకుని, శాఖకి బయటివాళ్ళు ఇద్దరి సాక్ష్యంతో పట్టిక వచ్చిన పది రోజుల్లోపు ఇవ్వొచ్చు. ఒకే ప్రశ్న మీద వంద చీటీలు దాటితే ఆ ప్రశ్న రాష్ట్రమంతటా పక్కన పెట్టాల్సిందే. పుస్తకంలో ఉంది."

"ఆ నియమం ఇంతవరకు ఎవరూ వాడలేదమ్మా!"

"తప్పు నాదని ఇంతవరకు ఎవరూ ఒప్పుకోలేదు సార్, అందుకని."

పదో రోజు శుక్రవారమే. చేతిలో ఉన్నవి రెండు రోజులు.

ఇంట్లో విషయం చెప్పగానే మరిది లేచి నిలబడ్డాడు. "వదినా, మా కొంప ముంచుతావా ఏంటి?"

"కొంపలు మునిగాయనే నేనూ చెబుతున్నాను."

"ఆ వీధివాళ్ళే నోరెత్తలేదు. కందకి లేని దురద కత్తిపీటకెందుకు?"

మామగారి మొహం మాత్రం వెలిగిపోయింది. ఆయన నెత్తిన పాలు పోసినట్టయింది. "అమ్మాయ్, నువ్వు ఊఁ అను చాలు. దొంగ లెక్కలని రేపే ఊరంతా చాటిస్తాను!"

"దొంగ లెక్క కాదు మామయ్యగారూ, తప్పు లెక్క. రాసింది నేను. మీరు దొంగ అంటారు, వాళ్ళు కుట్ర అంటారు, ఆరు నెలలు అరుచుకుంటారు. ఆ గోలలో శుక్రవారం దాటిపోతుంది. నాకు కావల్సింది అరుపులు కాదు, ఇద్దరు సాక్షులు. ఒక పార్టీవాళ్ళే పెడితే రెండోవాళ్ళు నమ్మరు కాబట్టి ఇద్దరూ నాతో రండి. ఏమయ్యా మరిదీ, వచ్చి చూడు. నేను చెప్పింది తప్పైతే సంతకం పెట్టకు."

మామగారు చొక్కా మార్చుకున్నారు. తండ్రి వెళ్తుంటే తను ఇంట్లో కూర్చోవడం మరిదికి నామోషీ అయింది. గొణుక్కుంటూనే చెప్పులు వేసుకున్నాడు.

అవ్వ ఇంట్లో మరిది గోడ పక్కన నిలబడి చూసుకుంటే గీత అతని రొమ్ము దాకా వచ్చింది. అవ్వ అతన్ని గుర్తుపట్టింది. "ఓట్లప్పుడు వచ్చావుగా బాబూ. గుమ్మంలోనే చీటీ చేతిలో పెట్టి వెళ్ళిపోయావు. లోపలికి ఇదే రావడం." అందులో నిష్ఠూరం లేదు. ఉన్నమాట అంది, అంతే. మరిది తల వంచుకుని కలం అడిగాడు. తన పార్టీ పరువు పోయే కాగితం మీద మొదటి సంతకం అతనే పెట్టాడు. ఆ క్షణంలో వదినకి అతని మీద పుట్టినంత ప్రేమ అంతకుముందెప్పుడూ పుట్టలేదు.

మామగారు కింద తన సంతకం పెట్టబోతూ "పైన చోటు నాకు వదలాల్సింది, వయసుకైనా విలువ లేదు," అన్నారు. రెండో ఇంట్లో పైచోటు ఆయనది. మూడో ఇంట్లో మళ్ళీ కొడుకుది. అలా వంతులేసుకుని దెబ్బలాడుకుంటూ వీధంతా నడిచారు. వదిన ప్రతి గుమ్మంలోనూ ఈసారి సొంత మాటల్లో అడిగింది: "తాగే నీళ్ళు కుళాయిలోంచి వస్తున్నాయా, వాన నీళ్ళు గుమ్మంలోంచి వస్తున్నాయా?" జనం కడుపుబ్బ నవ్వారు. నవ్వి సంతకాలు పెట్టారు.

గురువారం మధ్యాహ్నానికి తొంభై ఏడు. మిగిలిన ఇళ్ళకి తాళాలు. ఆ ఇళ్ళవాళ్ళు బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో పనికి వెళ్ళారని తెలిసి ముగ్గురూ గేటు దగ్గర కాపు కాశారు. షిఫ్టు వదిలాక ఇంకో ఎనిమిది. మొత్తం నూట అయిదు. మరిది గేటు ముందే ఈల వేశాడు. మామగారు కొడుకు భుజం తట్టబోయి, గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

శుక్రవారం సమావేశంలో మంత్రి, అధికారులు, చివర్లో పెద్ద సారు. వదిన చీటీల కట్ట తెచ్చి మంత్రి ముందే పెట్టింది. ఆయన నాలుగు చీటీలు తిరగేశాడు. మొహం ఎర్రబడింది. "ఇది ప్రతిపక్షం పని!"

"మీ పార్టీ వీధి కార్యదర్శి సంతకం కూడా ఉంది సార్, ప్రతి చీటీ మీదా."

మంత్రి మళ్ళీ చూశాడు. ఉంది. కలం బల్ల మీద పెట్టాడు. "అయితే ఏమంటావమ్మా? మూడో స్థానం మా పాలన వల్ల రాలేదంటావు. పాత ప్రభుత్వం వల్ల వచ్చిందంటావా?"

వదిన సంచిలోంచి పాత కాగితాల కట్ట తీసి బల్ల మీద పెట్టింది. "ఇరవై రెండేళ్ళ పట్టికలు తెచ్చాను సార్. నాలుగుసార్లు ప్రభుత్వం మారింది. మారిన ఏడు ర్యాంకు ఒక్కసారీ కదల్లేదు. కదిలినవి రెండే రెండుసార్లు. ఒకసారి ఉత్తరం వైపు పైపులు పడ్డప్పుడు. మొదలెట్టింది ఒకరు, పూర్తి చేసింది ఇంకొకరు. ఇంకోసారి కాన్పుల ఆసుపత్రులు తెరిచినప్పుడు. దానికీ అంతే, ఇద్దరి చెయ్యీ ఉంది. మీరు చేసింది ఏదన్నా ఉంటే ముందు ముందు కనబడుతుంది, అప్పుడు నేనే రాస్తాను. కానీ ఈ మూడో స్థానం మాత్రం మీవల్లా రాలేదు, వాళ్ళవల్లా రాలేదు. వానవల్ల వచ్చింది సార్."

ముందు నవ్వింది ఒక ముసలి ఇంజనీరు. ఆపుకోలేక దగ్గు కింద దాచబోయాడు. దాంతో బల్ల చుట్టూ నవ్వు పాకింది. చివరికి మంత్రి కూడా నవ్వాడు. ఆయనేం తెలివితక్కువవాడు కాదు. వంద దాటిన చీటీల్ని తొక్కిపెడితే రేపు ఏమవుతుందో లెక్క వేసుకున్నాడు. కలం తీసి చీటీల కట్ట మీద "స్వీకరించడమైనది" అని రాశాడు. జాబితాలో పల్లపు వీధి మీదున్న గీత తీయించి, మొదటి వరసలో మళ్ళీ రాయించాడు. పెద్ద సారు అప్పుడు లేచి, ప్రశ్న తనదేనని, తప్పు తనది కూడా అని చెప్పాడు. ఎవరూ అడక్కుండానే చెప్పాడు. ఆ ఒక్కమాటకి వదిన ఆయన్ని పూర్తిగా క్షమించేసింది.

ఇళ్ళన్నీ మళ్ళీ తిరిగాక రాష్ట్రం పన్నెండో స్థానంలో తేలింది. గేటు మీది బ్యానరు మరిదే విప్పాడు.

అయిదో నెలలో పల్లపు వీధికి పైపు వచ్చింది. వదిన సెలవు పెట్టి మరీ వెళ్ళింది. నూట పన్నెండు ఇళ్ళ జనం రోడ్డు మీదే ఉన్నారు. అవ్వ ఇంట్లో కుళాయి తిప్పితే ముందు గాలి బుసకొట్టింది, తర్వాత తుప్పు నీళ్ళు చిమ్మాయి, ఆ తర్వాత తెల్లటి ధార పడింది. వీధి వీధంతా ఒక్కసారి కేక వేసింది. బిందెలు తట్టారు, పళ్ళేలు వాయించారు, మామగారూ మరిదీ నిలువునా తడిసి ఒకరి మీద ఒకరు నీళ్ళు చల్లుకున్నారు. ఇరవై రెండేళ్ళలో వదిన కొన్ని లక్షల టిక్కులు పెట్టింది. వాటిలో ఒక్కటైనా ఎక్కడికి పోయిందో, ఎవరికి పనికొచ్చిందో ఆమెకి తెలియదు. ఇవాళ తెలిసింది. ఆమె గుండె గర్వంతో నిండిపోయింది, ఆ గర్వాన్ని దాచుకోవాలని కూడా ఆమెకి అనిపించలేదు.

అవ్వ స్టీలు గ్లాసు కడిగి, నిండుగా పట్టి తెచ్చింది. "మొదటి గ్లాసు నీదే తల్లీ."

"ముందు నువ్వు తాగవ్వా."

"నేను రేపు కూడా తాగుతాను," అంది అవ్వ.