నేనడిగిన బల్ల

మా చర్చి సంఘంలో ప్రభువు బల్లని అందరూ ఉత్త బల్ల అనే అంటారు. "ఈ వారం బల్ల ఉంది" అంటే రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ఆదివారమని అర్థం. వేదిక మీద ఆ బల్ల చుట్టూ భుజాలు రాసుకుంటూ అందరూ మోకరిస్తారు. వేదికకి మెట్లున్నాయి, నాకు చక్రాల కుర్చీ ఉంది. ఈ రెండింటికీ పడదు. అందుకని అందరూ తీసుకున్నాక పాస్టరు అయ్యగారు పళ్లెం పట్టుకుని వెనకున్న నా దగ్గరికి వస్తారు. అప్పటికి జనం పాటల పుస్తకాలు సర్దుకుంటూ, గొడుగులు వెతుక్కుంటూ ఉంటారు. అమ్మ బతికున్నన్నాళ్లూ తనూ పైకి వెళ్లకుండా నా పక్కనే కూర్చుని తీసుకునేది. అమ్మ పోయాక ఆ చివరి ముక్క నా ఒక్కదానిదే అయింది.

నాకు నడవాలని లేదు. చెబితే ఎవరూ నమ్మరు. నా తల మీద చెయ్యి పెట్టి స్వస్థత కోసం ప్రార్థించనివాళ్లు మా చర్చిలో లేరు మరి! నాకు కావాల్సింది ఆ వరసలో ఇద్దరి మధ్య ఇరుక్కుని ఉండటం. దానికోసం ప్రాణం కొట్టుకులాడేది.

ఒకరోజు వడ్రంగి బాబాయ్ ప్యాంటు జిప్పు మార్పించుకోవడానికి నా కుట్టు దుకాణానికి వచ్చాడు. ఆయన సంఘ పెద్ద, పైగా చర్చిలో ఒక మేకు కొట్టాలన్నా ఆయనే. మిషన్ ఆపి, ధైర్యం కూడగట్టుకుని అడిగేశాను.

"బాబాయ్, నాక్కూడా బల్ల కావాలి. వెనక ఒక్కదాన్నే కూర్చోలేకపోతున్నా."

ఆయన కళ్లు చెమర్చాయి. "ఇన్నాళ్లూ అడగలేదేంటమ్మా! నాకొదిలెయ్," అన్నాడు. నా మెడలో ఉన్న టేపు లాక్కుని నా కుర్చీ ఎత్తూ వెడల్పూ కొలిచి, అరచేతిలో రాసుకున్నాడు.

మెట్ల పక్కన ఏటవాలు దారి వేస్తాడనుకున్నాను. కుర్చీని ఇంకెందుకు కొలుస్తాడు? ఇక నా కాళ్లు నేల మీద ఆనలేదు. అవెప్పుడూ ఆనవనుకోండి, ఈసారి మాత్రం సంతోషంతో. ఆ ఊపులో ఒకాయన కోటుకి చేతులు తారుమారు చేసి కుట్టాను.

బల్ల ఆదివారం వెళ్లి చూద్దును కదా, వెనక వరసలో నేను ఉండే చోట కొత్త బల్ల! నున్నగా పాలిష్ పెట్టి, మెత్త వేసి ఉంది. బాబాయ్ ముఖం వెలిగిపోతోంది.

"సరిగ్గా నీ కుర్చీ ఎత్తుకే చేశా. ఇటు జరిగి కూర్చోవచ్చు, పక్కన ఇంకో ఇద్దరు పడతారు. ఒక్కదాన్నే అన్నావుగా!"

ఎక్కడికెళ్లినా సొంత కుర్చీ వెంటేసుకుని తిరిగేదాన్ని నేను. నాకు కూర్చునే బల్ల! నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపూ వచ్చింది. పెద్దాయన మొహం చూసి రెండూ మింగేశాను.

చివర్లో అయ్యగారు ఎప్పటిలాగే పళ్లెంతో వచ్చారు. నేను చెయ్యి చాపలేదు.

"నాకిక్కడ వద్దండి. నేనడిగిన బల్ల అది," అంటూ వేదిక వైపు చూపించాను.

"ప్రభువు అన్నిచోట్లా ఉన్నాడమ్మా."

"ఉన్నాడండీ. కానీ మీరంతా అక్కడున్నారు."

బాబాయ్ తను చేసిన బల్ల అంచుని చేత్తో రాస్తూ ఉండిపోయాడు. "బల్లంటే... ఆ బల్లా?" అన్నాడు చివరికి. నేను రొట్టె లేకుండానే ఇంటికొచ్చాను. అలా అన్నందుకు బాధ లేదు గానీ, ఆ రాని ముక్కే రాత్రిదాకా గుర్తొస్తూ ఉంది.

మళ్లీ బల్ల ఆదివారం వచ్చింది. ఆ రోజు వెళ్లి, గుమ్మంలోనే తటపటాయించాను. లోపల ఎవరో కేకలేస్తున్నారు.

"ప్రతిష్ఠ చేసిన బల్లని కిందకి దించుతారా?" అంటున్నాడు ఇంకో సంఘ పెద్ద.

"దాన్ని చెక్కినవాణ్ణి నేనున్నాగా, విరిగితే నేనే చూసుకుంటా. మాటలాపి ఆ కాలు పట్టు," అన్నాడు బాబాయ్.

ప్రభువు బల్ల వేదిక దిగి నేల మీదకి వచ్చింది. జనం చుట్టూ మోకరించారు. నా ఎడమవైపు ఒకామె, కుడివైపు బాబాయ్, ఆయన తర్వాత ఇంకా బోలెడు మంది. ఆ రోజు అయ్యగారు పళ్లెం మా చేతికే ఇచ్చారు. అది చేతులు మారుతూ నా దగ్గరికి వచ్చింది. ముక్క తీసుకున్నాను. అమ్మ ఉంటే ఎంత బాగుండేది! కళ్లు మసకబారాయి. నా తర్వాత ఇంకా ఎవరైనా ఉంటారని తట్టనే లేదు. పళ్లెం ఒళ్లో పెట్టేసుకున్నాను.

బాబాయ్ మెల్లగా నా భుజం తట్టాడు.

"ఇటివ్వమ్మా. మేమింకా తీసుకోలేదు."