స్తంభం వెనక సీటు

మా ఊరి బేస్‌బాల్ స్టేడియం డోనెలీ పార్క్ చూడటానికి ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చేవారు. గేటు దగ్గరే ఆగి ఇటుక గోడల్ని ఫొటోలు తీసుకునేవారు. "ఎంత పాతదో చూడు, మా తాతల కాలంలో ఎలా ఉందో అలాగే ఉంది" అని మురిసిపోయేవారు. ఒక పూట చూసి పోయేవాళ్ళకేం, మురవక ఏం చేస్తారు? పాతదంటే ఏమిటో నన్నడగండి. పాతదంటే ఆడవాళ్ళ మరుగుదొడ్డి ముందు రెండు ఇన్నింగ్సులు వరసలో నిలబడటం. పాతదంటే వాన వెలిశాక కూడా పైకప్పులోంచి తుప్పునీళ్ళు వీపు మీద కారడం. మోకాళ్ళు ముందు సీటుకు కొట్టుకుపోయేంత ఇరుకు. వీటన్నిటితో వేగవచ్చు. పాతదంటే అసలు స్తంభం. దాంతోనే వేగలేకపోయాను.

అలాగని అబద్ధమెందుకు చెప్పాలి, ఆ చోటంటే నాకూ ప్రాణమే. మెట్ల కింద చీకటి దారిలో, వేయించిన ఉల్లిపాయల వాసనలో, జనం భుజాలు రాసుకుంటూ నడిచి, చివరి మెట్టు ఎక్కగానే ఎదురుగా ఆ పచ్చిక కనిపించేది. ఎన్నిసార్లు చూసినా ఆ మెట్టు మీదే ఆగిపోయేదాన్ని. స్కోరు బోర్డు మీద అంకెల్ని ఇంకా చేత్తోనే మార్చేవారు. చిన్న కిటికీలోంచి ఒక చెయ్యి బయటికొచ్చి సున్నా తగిలించి లోపలికి పోయేది. ఆ చెయ్యి కోసమే చూస్తూ కూర్చునేదాన్ని. నా సీట్లోంచి పూర్తిగా కనబడేది అదొక్కటే మరి.

పై అంతస్తును మోసేవి ఇనుప స్తంభాలు. అందులో ఒకటి సరిగ్గా నా ముందు ఉండేది. పిచర్ చెయ్యి తిప్పి బంతి విసరడం కనిపించేది. ఆ బంతి వెళ్ళి స్తంభం వెనక మాయమయ్యేది. అటువైపు బ్యాటు పట్టుకుని నిలబడ్డవాడు కొట్టాడో, తప్పాడో, కొయ్యలా నిలబడిపోయాడో జనం అరుపుల్ని బట్టి తెలుసుకోవాలి. పెళ్ళయిన నాటి నుంచి నేను బంతి బయల్దేరడం చూశాను గానీ చేరడం చూడలేదు.

ఆ రెండు సీట్లూ మా మామగారివి. ఇనుము పోత పోసే కర్మాగారంలో ఒళ్ళు కాల్చుకున్న మనిషి, ఏటేటా వాటిని వదలకుండా నిలబెట్టుకున్నాడు. నడవ పక్క సీటు ఆయనది, స్తంభం వెనకది మా అత్తగారిది. నడవ సీట్లోంచి మైదానమంతా అరచేతిలో ఉన్నట్టు కనిపిస్తుంది. ఆయన పోయాక ఆ సీటు మా ఆయన కాజ్‌కి వచ్చింది. అసలు పేరు కాజిమిర్, ఆ పేరుతో పిలిచేది చర్చిలో ఫాదర్ ఒక్కడే. మా అత్తగారు తన సీటు నాకు అప్పగిస్తూ, కూర్చుని కూర్చుని అట్ట అయిపోయిన దిండు కూడా చేతిలో పెట్టింది.

"ఇక్కణ్ణుంచి ఏం కనబడదు కదా అత్తయ్యా?" అన్నాను, కొత్త కోడల్ని, నోరు ఊరుకోక.

"మెడ అలవాటు పడుతుందిలే" అంది.

ఆవిడ మెడ ఎప్పుడూ ఎడమకి ఒరిగి ఉండేది. పుట్టుకతో అంతేనేమో అనుకున్నాను. ఇంటికెళ్ళి అద్దం ముందు ఆవిణ్ణి అనుకరించి నవ్వుకున్నాను కూడా. ఆ నవ్వు నాకు తగిన శాస్తి చేసింది.

ఎందుకంటే ఎడమకి, అంటే కాజ్ వైపు, బాగా వాలితే స్తంభం అంచు పక్క నుంచి బ్యాట్స్‌మన్ భుజమూ మోకాలూ కనిపించేవి. కాబట్టి ఆటంతా అతని భుజం మీద తలపెట్టి చూసేదాన్ని. చూసేవాళ్ళకి అది వేరేగా కనిపించేది. ఒక ఏడు మా పెళ్ళిరోజు నాడే స్టేడియంలో కొత్తగా పెట్టిన పెద్ద తెర మీద మమ్మల్ని చూపించారు. జనమంతా "ఆఁ" అని కరిగిపోయారు. మా అమ్మాయి నోరీన్ ఆ ఫొటో సంపాదించి ఫ్రేము కట్టించి హాల్లో తగిలించింది. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ, ఈ వయసులో కూడా ఎంత ప్రేమో అంటారు. ఫొటోలో నా కళ్ళు చూడండి. ప్రేమగా చూస్తున్న కళ్ళా అవి? పడాల్సిన చోట పడిన స్ట్రైక్‌కీ, పక్కకి పోయిన బాల్‌కీ మధ్య తేడా వెతుక్కుంటున్న కళ్ళు.

"ఒక్కసారి నన్నక్కడ కూర్చోనివ్వు" అని ఏటా అడిగాను. వచ్చే ఆటకి అనేవాడు. మోకాలు చాపుకోవాలి, నడవ పక్కనే ఉండాలి అనేవాడు. నాన్న సీటు అనేవాడు. చెడ్డవాడు కాదు. తాగి కొట్టినవాడు కాదు, నాకు జబ్బు చేస్తే సూపు కాచి పోసినవాడు. అడిగిన ప్రతిసారీ ఎంతో మంచిగా రేపటికి వాయిదా వేశాడు, అంతే. పైగా బంతి బంతికీ, "స్ట్రైక్, బెర్నీ. బయటికి పోయింది, బెర్నీ" అని చెప్పేవాడు. గుడ్డిదానికి దారి చూపిస్తున్నంత ఓపికగా. ఒళ్ళు మండేది నాకు.

ఆ ఏడు వసంతంలో కబురు తెలిసింది. సీజను ముగియగానే మా వైపంతా పడగొట్టి, స్తంభాలు తీసేసి, డబ్బున్నవాళ్ళకి అద్దాల గదులు కడతారట. కాజ్ రెండ్రోజులు అన్నం ముట్టలేదు. నేనైతే ఏడవలేదు. ఇంక మిగిలింది ఒక్క వేసవి, ఆలోపు ఆ సీట్లో కూర్చుని ఒక్క బంతి బ్యాటు దాకా చేరడం చూడాలి. అంతకు మించి నాకేమీ అక్కర్లేదు.

ఈసారి ఇంట్లో అడగలేదు. బారులో అందరి ముందూ అడిగాను. మా వెనక సీటు ఆర్నెటా కూడా ఉంది. సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి, ఆవిడ గొంతు లేస్తే అంపైరు కూడా తలతిప్పి చూస్తాడు.

"ఏంటి కాజ్, ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా కూర్చోనివ్వలేదా? సిగ్గులేదూ?" అంది.

కాజ్ చెవులు ఎర్రబడ్డాయి. "సరే. ఆఖరి ఆట. తొమ్మిదిలో మొదటి మూడు ఇన్నింగ్సులు నాన్న పేరు మీద నేను కూర్చుంటా. ఆ తర్వాత ఆటంతా తనదే. ఒట్టు."

"నేను సాక్షి" అంది ఆర్నెటా, బీరు గ్లాసు ఎత్తి.

ఆఖరి ఆట నాడు కొత్త కళ్ళద్దాలు పెట్టుకుని వెళ్ళాను. జుట్టు కూడా సెట్ చేయించుకున్నాను. మైదానంలో ఎండ వెన్నలా పరుచుకుని ఉంది. మా పిచర్ ఆ ఏడే వచ్చిన కుర్రాడు, పేరు కూడా సరిగ్గా నోటికి రాదు. మొదటి ఇన్నింగ్సు, రెండోది, మూడోది గడిచాయి. స్కోరు బోర్డు కిటికీలోంచి చెయ్యి వచ్చి అవతలి జట్టుకి సున్నా తర్వాత సున్నా తగిలిస్తోంది. నేను దిండు చంకన పెట్టుకుని లేచాను.

"పద, లే" అన్నాను.

కాజ్ కదల్లేదు. బోర్డు వైపు చూస్తున్నాడు. పరుగులు కాదు, పక్కన హిట్ల గడి చూస్తున్నాడు. అక్కడా సున్నానే. అవతలివాళ్ళలో ఒక్కడూ ఇంకా బంతి కొట్టి బేసు చేరలేదు, ఒక్క హిట్టూ లేదు.

"ఒక్క ఇన్నింగ్సు ఆగు" అన్నాడు గొంతు తగ్గించి.

ఆగాను. నాలుగోది అయింది, అయిదోదీ అయింది, అదే సున్నా. మా చుట్టుపక్కల మాటలు ఆగిపోయాయి. ఒక పిచర్ ఆటంతా హిట్టు ఇవ్వకుండా లాక్కొస్తుంటే ఆ మాట ఎవరూ పైకి అనకూడదు. ఎక్కడ కూర్చున్నవాళ్ళు అక్కడే కూర్చోవాలి. కాలు మీద కాలు వేసుకున్నవాళ్ళు దించకూడదు. సీటు మారితే అదృష్టం మారుతుంది. ఇది మా ఊళ్ళో పసిపిల్లలకీ తెలుసు. మూడు తరాలుగా డోనెలీ పార్క్‌లో మావాళ్ళెవరూ అలాంటి ఆట ఆడలేదు.

ఆరో ఇన్నింగ్సు అయ్యాక మళ్ళీ సగం లేచాను. భుజం మీద బరువైన చెయ్యి పడింది.

"కూర్చోవే" అంది ఆర్నెటా.

"నువ్వు సాక్షివి కదే."

"అవును, సాక్షినే. ఇప్పుడు మాత్రం కూర్చో తల్లీ. నేను నాలుగో ఇన్నింగ్సు నుంచి ఒంటికి వెళ్ళకుండా బిగబట్టుకుని కూర్చున్నా. నా కష్టం మట్టిలో కలపకు."

ముందు వరసవాళ్ళు కూడా వెనక్కి తిరిగి నా వైపు చూశారు. ఆ చూపులకి నేను భయపడి కూర్చున్నానంటే అబద్ధం. నేను కూడా నమ్ముతాను, అదీ నా ఖర్మ. నేను లేచాక ఆ కుర్రాడికి హిట్టు పడితే, జన్మంతా నా నెత్తి మీద పడి ఉంటుంది. ఎవరూ అనక్కర్లేదు, నన్ను నేనే తిట్టుకుంటాను. అందుకే కూర్చున్నాను. దిండు సర్దుకుని, మా అత్తగారి సీట్లో, స్తంభం వెనక.

తొమ్మిదో ఇన్నింగ్సులో రెండు అవుట్లు. ఇంకొక్కడు. స్టేడియం మొత్తం లేచి నిలబడింది. కాజ్ కూడా లేచాడు. ఎడమకి వాలాను, అక్కడ భుజం లేదు, అతని నడుము బెల్టు అడ్డంగా ఉంది. నేను లేచి నిలబడ్డా నా ఎత్తుకి ఒరిగేది ఏముంది? పిచర్ చెయ్యి ఎత్తడం కనిపించింది. బంతి బయల్దేరడం కనిపించింది. స్తంభం వెనక్కి పోయింది.

ఆ తర్వాత లేచిన అరుపుకి పై అంతస్తు దుమ్ము మా నెత్తిన రాలింది. ఆర్నెటా వెనక నుంచి నా మెడ కావిలించుకుని ఏడ్చేసింది. నేను కాజ్ చొక్కా పట్టుకు లాగాను. "ఏమైంది? ఊపాడా? నిలబడిపోయాడా?" అని అడిగాను. అతనికి వినబడలేదు. కళ్ళ నిండా నీళ్ళు పెట్టుకుని నా మొహం రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"చూశావా బెర్నీ? చూశావా?"

"చూశాను" అన్నాను.

ఆ మాటతో నన్ను నేనే పాతిపెట్టుకున్నాను. ఆ రోజు నుంచి కిరాణా కొట్టులో, చర్చి మెట్ల మీద, ఎక్కడ కనబడినా, "నువ్వక్కడ ఉన్నావటగా, ఎంత అదృష్టవంతురాలివి, ఆ ఆఖరి బంతి ఎలా ఉంది?" అని అడగనివాడు పాపాత్ముడు. బాగుంది అనేదాన్ని. టీవీలో అది వేసినప్పుడల్లా వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని. అక్కడే ఉండి చూడలేకపోయిన బంతిని ఇప్పుడు పెట్టెలో చూడాలా? ఇచ్చిన మాట సంగతి కాజ్ ఒక్కసారీ ఎత్తలేదు. మర్చిపోయాడని తప్పు పట్టనూలేను. అంత గొప్ప రోజున అలాంటి చిన్న విషయం ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

చలికాలంలో పడగొట్టడం మొదలైంది. పాతవాళ్ళు తమ సీట్లు తీసుకుపోవచ్చన్నారు. కాజ్ స్నేహితుడి ట్రక్కు తీసుకెళ్ళి, ఒకే ఇనుప చట్రంలో ఉన్న మా రెండు సీట్లనీ విప్పుకొచ్చాడు. నాలుగు వారాంతాలు బేస్‌మెంట్ తలుపు వేసుకుని గీకాడు, రంగు వేశాడు, కాంక్రీటుకి రంధ్రాలు చేసి బోల్టులు బిగించాడు. నన్ను అటు రానివ్వలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం కిందనుంచి పిలిచాడు.

"కళ్ళు మూసుకుని రా బెర్నీ. జాగ్రత్త, మెట్లు."

ఈ మనిషికి గుర్తుందేమో అనుకున్నాను. చిన్నపిల్లలా కళ్ళు మూసుకుని దిగాను.

"ఇప్పుడు చూడు."

సీట్లు ఆకుపచ్చగా మెరుస్తున్నాయి. ఎదురు గోడకి కొత్త టీవీ, మంచి పెద్దది. అందులో ఆ ఆఖరి ఆట, తొమ్మిదో ఇన్నింగ్సు దగ్గర ఆపి పెట్టి ఉంది. నడవ పక్క సీటుకి టీవీ సూటిగా ఉంది. రెండో సీటు ముందు, మా ఇంటి దూలాన్ని మోసే ఇనుప గొట్టం నిలబడి ఉంది.

కావాలని చేశాడా అని అతని మొహంలోకి చూశాను. కావాలని చేసి ఉంటే బాగుండేది, కనీసం తిట్టి ఉండేదాన్ని. ఆ మొహంలో సంతోషం తప్ప ఏమీ లేదు. తన సీటుకి టీవీ సూటిగా ఉండేలా కొలుచుకున్నాడు, బిగించాడు. పెళ్ళినాటి నుంచీ ఆ స్తంభం పక్కనే కూర్చున్నాడు గానీ, అతని కళ్ళకది ఎప్పుడూ అడ్డం రాలేదు. అడ్డం రానిదాన్ని మనిషి చూడడు.

నేను వెళ్ళి అతని సీట్లో కూర్చున్నాను.

కాజ్ రెండు బీరు డబ్బాలు పట్టుకుని నిలబడ్డాడు. నవ్వాడు. "అది నాది" అన్నాడు. నేను టీవీ వైపే చూస్తున్నాను. "బెర్నీ, లే, ఆట పెడుతున్నా" అన్నాడు. నేను కదల్లేదు. చివరికి పక్క సీట్లో కూలబడి రిమోటు నొక్కాడు.

పిచర్ చెయ్యి తిప్పాడు. కాజ్ అటు ఒరిగాడు, ఇటు ఒరిగాడు. ఆ తర్వాత నా భుజం మీదికి వాలాడు.

"ఇదేంటే, ఈ గొట్టం అడ్డమొస్తోంది. కాస్త జరుగు, ఏమీ కనబడట్లేదు."

"మెడ అలవాటు పడుతుందిలే" అన్నాను.

తెర మీద ఆఖరి బంతి బయల్దేరింది. ఈసారి చేరడం చూశాను. వాడు బ్యాటు ఊపాడు, తగల్లేదు, అంతే. వాసన లేదు, ఎండ లేదు, నెత్తిన దుమ్ము రాలలేదు. నా ముందు ఏ అడ్డూ లేదు. అయినా నా మెడ ఎడమకే ఒరిగి ఉంది. సరిచేసుకుందామని చూశాను. రాలేదు.