కంచెకి పట్టిన నల్లి

మా అత్తగారు నాకు పెట్టిన పేరు భూతద్దం. పాలసీసా అడుగు, దుప్పటి అంచు, మా చంటి బుడంకాయ చెవి వెనక, ఏదైనా సరే తిప్పి చూడందే నాకు తోచదు మరి.

ఆవిడ కాపురానికొచ్చిన కొత్తలో వీధి వైపు నాటుకున్న పచ్చని కంచె ఈ ఎండల్లో పాడైపోయింది. ఆకుల నిండా సన్నటి తెల్లచుక్కలు పడి, తుప్పు రంగుకి తిరిగాయి. మామగారు దాహమనుకుని బకెట్ల కొద్దీ నీళ్లు పోశారు. తెగులనుకుని పైనుంచి మందు చల్లారు. ఆఖరికి, "ఆదివారం పీకించేసి రేకులు పాతిస్తా" అనేశారు. అత్తగారు వంటింట్లోకి వెళ్లిపోయారు. ఆ పూట కూరలో ఉప్పు లేదు.

ఆ చప్పటి కూర నన్ను కూర్చోనివ్వలేదు. పిల్లని చంకనేసుకుని కంచె దగ్గరికెళ్లాను. పిల్ల మెడ పైకి నున్నగానే ఉంటుంది, మడత విప్పితేనే చెమటకాయలు కనబడేది. ఆకునీ అలాగే తిప్పాను. అడుగున సన్నటి బూజు! పిల్ల తెల్లగుడ్డ పరిచి కొమ్మ దులిపితే ఎర్రటి దుమ్ము రాలింది. చూస్తూండగా ఆ దుమ్ము నడిచింది.

"అత్తయ్యా, నల్లి! ఆకుల రసం పీల్చేస్తోంది!"

"మంచానికి నల్లి పడితే విన్నాను గానీ కంచెకి పట్టడమేంటే?" అంటూ వచ్చి, గుడ్డ మీదికి వంగి, "ఓసినీ!" అని ఆగిపోయారు.

మామగారు కళ్లజోడు సర్దుకున్నారు. "ఏ పుస్తకంలో చదివావమ్మా ఇది?"

"పుస్తకంలో కాదు మామయ్యా, మీ మనవరాలి మెడలో."

"సరే, చిగురేస్తే ఉంచుదాం. లేదంటే రేకులే" అన్నారాయన.

బాగా మాడిన కొమ్మలు కత్తిరించి దూరంగా పారేశాం. పైపుతో ఆకుల అడుగులు కడిగాం. సబ్బునీళ్లు పలచగా కలిపి, ఆకు మాడుతుందేమోనని ముందు ఒక్క కొమ్మకే కొట్టి చూశాను. ఏం కాలేదు. అప్పుడు మొత్తానికీ కొట్టాం. తలలో పేలు పోయినా ఈపులు మిగిలినట్టు గుడ్లుంటాయి కదా అని మళ్లీ మళ్లీ కొట్టాను. "చాల్లేవే" అని అత్తగారే విసుక్కున్నా వదల్లేదు.

మోడు కొమ్మల్లోంచి లేతచిగుళ్లు తొంగిచూసిన పొద్దున, మామగారు రేకుల మనిషికి తనే ఫోన్ చేసి వద్దన్నారు.

"ఏం మందేశారు పిన్నిగారూ?" గేటు దగ్గర పక్కింటావిడ అడిగింది.

"మందూ లేదు మాకూ లేదు. మా ఇంట్లో భూతద్దం ఉంది" అన్నారు అత్తగారు, నడుం మీద చెయ్యేసుకుని. "అడక్కండి, అరువివ్వం."