పిక్క నుంచి మెడకు

నేను ఒక నరాన్ని. లాస్య అనే పాప ఎడమ పిక్కలో పుట్టాను. కాలి వెనక రెండు పాయలు కలిస్తే నేనయ్యాను. అవి ఎక్కడ కలుస్తాయో మనిషికో తీరు. అక్కడి నుంచి ఒక సన్నని సిరను తోడు పెట్టుకుని, బయటి చీలమండ వెనకగా తిరిగి, పాదం అంచున చిటికెనవేలి దాకా వెళ్లేదాన్ని. కండను కదిలించే అధికారం నాకు లేదు. చీమ కుట్టినా, చక్కిలిగింత పెట్టినా పైకి కబురు చెప్పడమే నా ఉద్యోగం.

లాస్య నాయనమ్మ సన్యాసమ్మ రోజూ స్నానం కాగానే అరికాలికి దిష్టిచుక్క పెట్టి, వేలికి మిగిలిన కాటుకను పాదం అంచుకు తుడిచేది. నేను కబురు పంపేదాన్ని, పాప కిలకిల నవ్వేది. ఆ పని నాకెంతో ఇష్టం.

పాప కుడి చెయ్యి మాత్రం పుట్టినప్పటి నుంచీ వేలాడుతూనే ఉంది. కాన్పు కష్టమై, మెడ దగ్గర చేతి నరాలు తెగిపోయాయి. సన్యాసమ్మ దిష్టి అనుకుని చుక్క పెద్దది చేసింది. చివరికి విశాఖపట్నం తీసుకెళ్తే డాక్టరమ్మ, "కాలి నరం తీసి మెడలో అతకాలి. ఆలస్యం చేస్తే ఈ చెయ్యి ఇక లేవదు" అంది.

అన్ని నరాలుండగా నన్నే ఎందుకంటారా? నేను లేకపోయినా పాప నడవగలదట. పనికిమాలినదానివని ఇంతకంటే మర్యాదగా ఎవరూ చెప్పలేరు.

నన్ను తీసి, ముక్కలు చేసి, తెగిన నరాల మధ్య కుట్టారు. నాలోని పాత తీగలన్నీ చచ్చిపోయాయి. చాలా దుఃఖం కలిగింది. మిగిలిన ఖాళీ గొట్టంలో చేతి నరం మెల్లమెల్లగా పాకడం మొదలుపెట్టింది.

ఇంటికొచ్చాక సన్యాసమ్మ మామూలుగానే పాదం అంచుకు కాటుక తుడిచింది. పాప నవ్వలేదు. మళ్లీ తుడిచినా నవ్వలేదు. మళ్లీ ఆసుపత్రికి వెళ్లినప్పుడు ఆవిడ డాక్టరమ్మను నిలదీసింది.

"సెయ్యి బాగుసెయ్యమంటే కాలు పాడుసేసినారేటమ్మా?"

"కాలు బాగానే ఉందమ్మా. ఆ కాస్త చోట స్పర్శ ఉండదు, అంతే. చేతికి ఏడాది పైనే పడుతుంది, ఓపిక పట్టండి."

సన్యాసమ్మ ఆ మాట నమ్మలేదు. కాటుక మాత్రం మానలేదు.

ఏడాది దాటాక ఒక ఉదయం ఆవిడ పాప బుగ్గకు చుక్క పెట్టబోయింది. పాపకు నచ్చలేదు. కుడి మోచెయ్యి వంగింది, చెయ్యి వణుకుతూ లేచింది, నాయనమ్మ వేలిని నెట్టేసింది. కాటుక వెళ్లి ఆవిడ ముక్కుకే అంటుకుంది.

"ఓలమ్మో! సెయ్యెత్తీసిందర్రా!" అంటూ సన్యాసమ్మ భోరున ఏడ్చింది.

నెట్టమన్న ఆ ఆజ్ఞ నాలోంచే వెళ్లింది. నా బతుకులో మొదటిసారి ఒక కండ కదిలింది. గర్వపడ్డాను.

సన్యాసమ్మ ఇప్పటికీ పాదం అంచుకు కాటుక తుడుస్తుందట. తుడిచి, నేనుండిన చోట ముద్దు కూడా పెడుతుందని ఇంట్లో అనుకుంటుంటే విన్నాను. ఆ ముద్దు తగిలిన కబురు మాత్రం నాకు అందదు.