పందొమ్మిదేళ్ళకు ఒక చొక్కా

కుడివైపు బుట్టలోంచి చొక్కా తీసి, మెడకు కాలర్ ఆనించి, యంత్రాన్ని ఒక్క పరుగు పరిగెత్తించి, దారం తెంపి ఎడమకు విసిరింది. మళ్ళీ కుడి, మళ్ళీ ఎడమ. షిఫ్టు మొదలై గంట కాలేదు, అప్పుడే యాభై మూడయ్యాయి. కళ్ళకు గంతలు కట్టినా ఆమె కుట్టు నూలుపోగంత పక్కకు పోదు. ఆ మాట ఎవరైనా అంటే ఆమె కాదనదు కూడా.

ఫ్యాక్టరీలో ఆమె పేరు కాలరక్క. ఆమె దగ్గరికి వచ్చేసరికి చొక్కాకు చేతులుండవు. పోయేటప్పుడూ ఉండవు. చేతులు అతికించే పని ఎడమ పక్కన కూర్చునే పెద్దావిడది, ఆవిడ చేతుల పిన్ని. జేబులు, అంచులు, బొత్తాలు ఆ వరసలో ఇంకెవరెవరివో. పందొమ్మిదేళ్ళుగా లక్షల చొక్కాలకు మెడ నిలబెట్టిన మనిషి, మొదలు నుంచి చివరిదాకా ఒక్క చొక్కా కుట్టలేదు. మూడు నెలల కిందటి వరకు ఆ సంగతి ఆమెకు తట్టనే లేదు.

గుమ్మం పక్కన చెక్కపెట్టె దిగాక తట్టింది. అందులో ఉన్నది కాలర్లు కుట్టే యంత్రం. దానికి టీ అక్కర్లేదు, నడుం నొప్పి రాదు. వచ్చే నెల బిగిస్తారు. అదే వారం మరుగుదొడ్డి తలుపు పక్కన రంగుల కాగితం ఒకటి వెలిసింది: 'కొత్త నైపుణ్యం నేర్చుకోండి, ఎదగండి!' ఎవరు నేర్పుతారో అందులో లేదు. పై అంతస్తు నమూనా గదిలో ఒక ఖాళీ ఉందని మాత్రం అడుగున చిన్న అక్షరాల్లో రాశారు. అక్కడ ఒక మనిషి ఒక చొక్కాను పూర్తిగా కుడతారు. పరీక్ష కూడా అదే, మూడు గంటల్లో ఒక చొక్కా. నెగ్గితే పైకి, లేకపోతే వచ్చే నెల నుంచి ఇంటికి.

ఆ రోజు నుంచి ఆమెకు కాలు ఒకచోట నిలవలేదు. మధ్యాహ్నం అన్నం పది నిమిషాల్లో మింగేసి చేతుల పిన్ని పక్కన నిలబడి చేతులు అతికించడం నేర్చుకునేది. ఆదివారాలు భర్త పాత చొక్కాలన్నీ విప్పదీసి మళ్ళీ కుట్టేది. ఆయన ఒక గోదాము గేటు దగ్గర కాపలా. పాపం, మారు మాట్లాడకుండా అవే తొడుక్కుని డ్యూటీకి పోయేవాడు.

"ఏమే, సెల్యూట్ కొట్టబోతే చెయ్యి సగంలోనే ఆగిపోతోంది. మేనేజరు నన్ను పొగరుబోతు అనుకుంటున్నాడు" అన్నాడొకసారి.

మొన్న ఆదివారం మాత్రం చెయ్యి నుదుటిదాకా వెళ్ళింది. ఆయన వంటింట్లో నిలబడి ఆమెకే రెండుసార్లు సెల్యూట్ కొట్టాడు. ఆమె నవ్వలేక చచ్చింది.

ఇవాళ తొమ్మిదింటికి పరీక్షకు పైనుంచి పిలుపొచ్చింది. కాన్పు గదిలోకి పోయేటప్పుడు కూడా ఆమె గుండె ఇంతగా కొట్టుకోలేదు. రెండేసి మెట్లు ఎక్కింది. నమూనా గదిలో పెద్ద కిటికీలు, నిండా వెలుగు. మరో రెండు యంత్రాల ముందు శిక్షణ సర్టిఫికెట్లున్న అమ్మాయిలిద్దరు కూర్చున్నారు. ముక్కున కళ్ళజోడు జారిన మాస్టరు ముగ్గురికీ కత్తిరించిన గుడ్డ ముక్కలు పంచి, గడియారం చూసి "కానివ్వండి" అన్నాడు.

జేబు అతికింది. భుజాలు కలిశాయి. కాలర్ దగ్గరికి వచ్చేసరికి ఆమెకు ఇల్లు చేరినంత సుఖంగా ఉంది. చేతులు వాటంతటవే పని చేసుకుపోయాయి. కుట్టు పూర్తయింది, దారం తెగింది, చొక్కా ఎడమకు ఎగిరింది.

ఎడమ పక్కన ఎవరూ లేరు. చొక్కా వెళ్ళి మాస్టరు కాళ్ళ మీద పడింది.

"ఎవరికి పంపుతున్నావమ్మా?" అన్నాడాయన.

అమ్మాయిలిద్దరూ కిసుక్కుమన్నారు. కాలరక్క మొహం కందగడ్డయింది. వంగి చొక్కా తీసుకుని దులిపింది. అంత సిగ్గులోనూ ఆమెకే నవ్వొచ్చింది.

"చేతులు కుట్టే పిన్నికండీ. ఆవిడ ఇక్కడ లేదు కదా, ఆవిడ వాటా కూడా నేనే కుడతా."

అన్నాక ఆ మాట తనకే కొత్తగా వినిపించింది. ఒళ్ళు జల్లుమంది. ఇక ఎవరికీ అందించనక్కర్లేదు, ఎవరి కోసమూ ఆగనక్కర్లేదు. చేతుల దగ్గర పిన్ని అయింది, అంచుల దగ్గర అంచులావిడ అయింది, బొత్తాల దగ్గర నోట్లో దారం పెట్టుకుని అచ్చం బొత్తాలావిడలాగే గొణిగింది. ఎనిమిది నిమిషాలు మిగిలుండగా చొక్కాను హ్యాంగరుకు తగిలించి ఒక అడుగు వెనక్కి వేసింది. దానికి రెండు చేతులున్నాయి! ఆమెకు అరిచి ఎవరికైనా చెప్పాలనిపించింది.

మాస్టరు చొక్కాను తిప్పితిప్పి చూశాడు. "ఎడమ చెయ్యి కాస్త లాగింది. కాలర్‌కు వంక పెట్టడానికి లేదు. మిగతా పనంతా ఎప్పుడు నేర్చుకున్నావు?"

"మూణ్ణెల్లుగా అండి."

"దేనిమీద?"

"మా ఆయన మీదండి."

మాస్టరు నవ్వాడు గానీ ఔననలేదు, కాదనలేదు. ఆమె కిందికి వచ్చి మళ్ళీ కుడి బుట్టలో చెయ్యి పెట్టింది. సూపర్‌వైజరు అప్పుడే తయారు. అతనికి వరసలో ఆడవాళ్ళు పెట్టుకున్న పేరు 'గంటకెంత'. మూడు గంటలు పోయాయని అతను సణుగుతూనే ఉన్నాడు. ఆమెకు ఒక్క ముక్క వినపడలేదు. ప్రతి అడుగుల చప్పుడుకూ తలెత్తి మెట్ల వైపు చూసింది.

మధ్యాహ్నం మూడు దాటాక మాస్టరే స్వయంగా దిగి వచ్చాడు.

"రేపటికి నాలుగు నమూనాలు పోవాలి. రామ్మా, పైకి."

"రేపటి నుంచాండి?"

"ఇప్పుడే."

'గంటకెంత' నోరు తెరిచాడు. "ఇప్పుడేంటి సార్! గంటకి అరవై కాలర్లు, ఎవరు కుడతారు?"

మాస్టరు గుమ్మం పక్కనున్న చెక్కపెట్టె వైపు చూశాడు. కాలరక్క లేచి నిలబడింది. నవ్వు ఆగడం లేదు, కళ్ళలో నీళ్ళు కూడా ఆగడం లేదు. కత్తెర తీసుకుని చేతుల పిన్ని వైపు తిరిగింది.

"నువ్వు విసురుతూనే ఉంటే పందొమ్మిదేళ్ళూ నాకు నడుం వాల్చే తీరికే లేకపోయింది" అంది పిన్ని, ఆమె చెంప మీద ఒక్కటి మెల్లగా తట్టి. "ఇవాళైనా కాస్త కూర్చుంటా. వెళ్ళవే తల్లీ, వెళ్ళు."

వెళ్ళింది. వరసలో ఆడవాళ్ళు యంత్రాలు ఆపకుండానే తలలెత్తి, మెట్లెక్కుతున్న పాదాలను మలుపు తిరిగేదాకా చూశారు. తర్వాత ఎవరి కుట్టులో వాళ్ళు పడ్డారు.

ఖాళీ అయిన యంత్రం మీద దీపం ఆర్పడం ఎవరికీ గుర్తు రాలేదు. దాని వెలుగులో, సూది దిగిన చోట ఆగిపోయిన తెల్ల కాలర్ సగం కుట్టుపడి నిలబడింది, మిగతా సగం ఫ్యాను గాలికి మెల్లగా కదులుతోంది.