చెవిన పడేదాకా

నవంబరు పదిహేడు, ఆదివారం. ఆ పొద్దున సావిత్రమ్మ చేసిన సర్వపిండి తిన్నాను, గడ్డపెరుగుతో. డబ్బా తెచ్చి కారు కిటికీలోంచి అందించింది ఆమె భర్త లక్ష్మయ్య. జల్‌పల్లిలో మా గల్లీకి పాలు పోసే అన్నదమ్ముల్లో పెద్దవాడు. తమ్ముడు రామ్‌చందర్, అతని భార్య ఆండాలు అప్పటికే వెనక సీట్లో కూర్చున్నారు. వాళ్లిద్దరూ ఒక్కపొద్దు. దర్శనం అయ్యేదాకా ఏమీ తినరు. డబ్బా నాకూ, డ్రైవరు డానియేలుకూ.

"నీ బర్రెలు గూడ నేనే పిండుత, పో," అన్నాడు లక్ష్మయ్య తమ్ముడితో. "దేవుని ముందట మొహమాటపడకు. నువ్వసలే నోట్లె నాలిక లేనోనివి. గట్టిగ అడుగు."

అడగాల్సింది చింటూ గురించి. రామ్‌చందర్ మనవడు. గుండెలో రంధ్రం ఉంది, సోమవారం పొద్దున్నే ఆపరేషన్. తల్లీ తండ్రీ వాడితో పాటు ఆసుపత్రిలో ఉన్నారు. ఆపరేషన్‌కు ముందే యాదగిరిగుట్ట స్వామికి ముడుపు పెట్టి, తిరుగు దారిలో కీసరలో కార్తీకదీపం వెలిగిస్తానని ఆండాలు మొక్కుకుంది.

నా భార్య అమల పోయి ఏడాది నిండలేదు కాబట్టి నేను గుట్ట ఎక్కకూడదు. "ఎక్కకుంటే మానె సారూ, కింద గాలన్న తగుల్తది, ఇంట్ల ఒక్కలే ఏం కూసుంటరు," అని ఆండాలే బలవంతం చేసింది. ముప్పై ఏళ్లు కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పాను. మైల అనేదాన్ని నమ్ముతానో లేదో నాకే తెలియదు. అమల నమ్మేది. అందుకని పాటిస్తున్నాను.

గుట్ట కింద కారు ఆపాక, పైకి ఫోన్లు తీసుకుపోనివ్వరని రామ్‌చందర్ తన ఫోను నా చేతిలో పెట్టాడు. ఇద్దరూ బస్సెక్కి పైకి వెళ్లారు. డానియేలు సీటు వెనక్కి వాల్చుకున్నాడు.

"మీకు మైల, నాకు మతం. ఇద్దరం కింద్నే సార్," అని నవ్వాడు.

ఎండ నెత్తి మీదికి వచ్చేసరికి ఫోను మోగింది. గోవర్ధన్, సావిత్రమ్మ తమ్ముడు. కిషన్‌బాగ్‌లో ఉంటాడు. ఫోను నా దగ్గరుందని చెప్పాను.

"బావ పోయిండు సార్. లక్ష్మయ్య బావ. రెండిండ్ల బర్రెలు పిండి, పాలు పోసొచ్చి కొట్టం కాడ కూసున్నడంట. అక్క చాయ్ పట్కపోయేసరికి గోడకు ఒరిగిపోయి ఉన్నడు. డాక్టర్ వచ్చి చూసిండు. అయిపోయింది సార్. రామ్‌చందర్ బావను జల్ది పంపుర్రి. అక్కోళ్లకు పిల్లలు లేకపాయె, కొరివి పెట్టాల్సింది ఆయనే. పొద్దుగూకకముందే ఎత్తాలె."

"వాళ్లు వరసలో ఉన్నారు."

"అయితే మైకుల పిలిపియ్యుర్రి!"

ఫోను పెట్టేశాక డానియేలుకు చెప్పాను. మా వైపు చావు వార్త చెవిన పడ్డాకే మైల అంటారు. విన్న క్షణం నుంచి తమ్ముడు గుడి గడప తొక్కరాదు, వినేదాకా దోషం లేదు. మైకులో పేరు పిలిస్తే ఆండాలు ముడుపుతో సహా వరసలోంచి వెనక్కి తిరగాలి. పిలవకపోతే అన్న శవం వాకిట్లో ఉండగా తమ్ముడు గోవింద కొడుతూ నిలబడి ఉంటాడు. కార్తీక ఆదివారం. దిగి వస్తున్నవాళ్లు దర్శనానికి నాలుగు గంటలు పట్టిందంటున్నారు.

"చెప్పాలె సార్," అన్నాడు డానియేలు. "మా డాడీ చచ్చిన్నాడు నేను డ్యూటీల ఉంటే ఎవ్వడు చెప్పలే. వాళ్ల మీద కోపం ఇంగ పోలే నాకు."

"మరి చింటూ?"

గుట్ట వైపు చూశాడు. "మీరు పొమ్మంటే పైకి పోత. గా అమ్మకు చెప్పుడు మాత్రం నాతోని కాదు."

గోవర్ధన్‌కు మళ్లీ ఫోన్ చేసి సావిత్రమ్మకు ఇవ్వమన్నాను. ముందు ఏడుపులు వినిపించాయి. తర్వాత అవి దూరమయ్యాయి. ఒక బర్రె అరుపు వినిపించింది. కొట్టంలోకి వచ్చిందనుకుంటాను.

"సారూ, దర్శనమైందా వాళ్లది?"

"కాలేదమ్మా."

"అయితే చెప్పకు." గొంతులో వణుకు లేదు. ఎండిపోయి ఉంది. "పొల్లగాని పని. ఆయన ఉంటే గిదే అంటుండె."

"ఆలస్యమైతే రామ్‌చందర్‌కు అన్న కడసారి చూపు కూడా దక్కదమ్మా. రేపటిదాకా ఉంచితే..."

"రేపు ఆడు దవఖాన్ల ఉండాల్నా, కాట్ల ఉండాల్నా? అందుకుంటే అందుకుంటడు, లేకుంటే మా తమ్ముడు పెడ్తడు కొరివి. ఇంగో మాట సారూ. నేను వద్దన్ననని ఎన్నడు చెప్పకు. ఆడు నా మొహం చూసినప్పుడల్ల గదే యాదికొస్తది. ఒక్క వాకిట్ల బతకాలె మేము."

సరేనన్నాను. ఆ తర్వాత ఫోను మోగుతూనే ఉంది. మోత కట్టేశాను. నేనేమీ అడగకుండానే డానియేలు కారును వెనక్కి తిప్పి, ముందు భాగం రోడ్డు వైపు ఉండేలా పెట్టాడు. నాకు చాయ్ తెచ్చి ఇచ్చాడు.

వాళ్లు దిగి వచ్చేసరికి ఎండ పసుపుబారుతోంది. ఆండాలు ముఖం అలా తేటగా ఉండగా చూసి ఎన్ని నెలలైందో.

"మస్తు మంచిగైంది సారూ! చింటూ అంటే దేవునికి ఏం సమజైతది అని ఆని అసలు పేరు చెప్పిన. పూజారి రెండుసార్లు చదివిండు. గీయన మాత్రం నోరిప్పలే."

"నువ్వు ఇప్పనిస్తే గద," అన్నాడు రామ్‌చందర్. అతనూ నవ్వుతున్నాడు.

నిన్న రాత్రి నుంచి ఇద్దరి కడుపులూ ఖాళీ. చెబితే శ్మశానం నుంచి వచ్చి స్నానం చేసేదాకా మెతుకు ముట్టరు. "ముందు తినండి," అన్నాను. నీళ్ల సీసా మూత తీసి ఇచ్చాను. రామ్‌చందర్ పులిహోర పొట్లం విప్పి ఆబగా తిన్నాడు. సగంలో ఆగి, "అన్నకు ఒకటి పక్కకు పెట్టు," అన్నాడు భార్యతో.

"పెట్టిన తియ్యి. ఇగ నడువుర్రి, చీకటి పడకముందు కీసరల దీపం పెట్టాలె."

డానియేలు తాళం చెవి మీద చెయ్యి వేసి తిప్పకుండా అద్దంలోంచి నన్ను చూశాడు. చెప్పాను.

ఆండాలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. రామ్‌చందర్ తన కుడిచేతిని చూసుకున్నాడు. వేళ్లకు పసుపు మెతుకులు అంటుకుని ఉన్నాయి.

"నీకెప్పుడు తెల్సింది?"

"మధ్యాహ్నం."

ఇన్నేళ్లలో అతను నన్ను నువ్వు అనడం అదే మొదలు. కారు తలుపు తెరిచి, సీసాలో నీళ్లు అయిపోయేదాకా చెయ్యి కడిగాడు.

"మా అన్న సచ్చిపడి ఉంటే నాతోని పులిహోర తినిపిచ్చినవా సార్?"

గుట్ట నుంచి తిరిగొచ్చే కార్లతో రోడ్డు నిండిపోయి ఉంది. డానియేలు సందు దొరికిన చోటల్లా దూరాడు. కీసర మలుపు దగ్గర ఆండాలు అలవాటుగా రెండు చేతులూ ఎత్తింది. అంతలోనే గుర్తొచ్చి దించుకుంది. చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ ఎక్కేసరికి వీధి దీపాలు వెలిగాయి.

శ్మశానం గేటు దగ్గర దిగాం. చితి పూర్తిగా అంటుకుంది. గోవర్ధన్ తడి పంచెతో ఎదురొచ్చాడు.

"అక్క ఆగొద్దన్నది బావా. పొద్దు గూకుతున్నదని."

రామ్‌చందర్ మంట దగ్గరిదాకా వెళ్లి, వేడికి ఆగి, అక్కడే నిలబడ్డాడు. "మొహం గూడ చూడకపోతి," అన్నాడు. ఎవరితోనూ కాదు.

స్నానాలయ్యాక వాళ్ల వాకిట్లో కూర్చున్నాం. ఎవరో ముసలాయన అడిగాడు, ఫోను లేకుండెనా, వార్త ఎందుకు అందలేదని.

"అందింది. సదువుకున్న సారు చేతుల ఉండె. నాకు చెప్పాల్నా వద్దా అని ఆయనే ఫైసలా చేసిండు."

అందరూ నా వైపు తిరిగారు. గోడకు ఆనుకుని కూర్చున్న సావిత్రమ్మ తలెత్తింది. పెదవులు కదిలాయి. నేను కొంచెంగా తల అడ్డంగా ఊపాను. ఆమె మళ్లీ తల దించుకుంది.

డానియేలు ఆండాలును ఆసుపత్రికి తీసుకెళ్లాడు. గోవర్ధన్ కిషన్‌బాగ్ వెళ్లిపోయాడు. బర్రెలు పొదుగులు నిండి అరుస్తున్నాయి. రామ్‌చందర్ లేచి అన్న బర్రెలూ తన బర్రెలూ పిండాడు. నేను కొట్టం బయట నిలబడ్డాను. పొమ్మనలేదు, రమ్మనలేదు. బకెట్లు లోపల పెట్టి వీధి గడప దగ్గరికి వచ్చినప్పుడు బయటి నుంచే అడిగాను.

"రేపు ఆసుపత్రికి నేను రానా రామ్‌చందర్?"

అతను వెనక్కి తిరిగి చూశాడు. సావిత్రమ్మ కూర్చున్నచోటే గోడకు తల ఆన్చి నిద్రపోయింది. అతను రెండు రెక్కలూ మెల్లగా దగ్గరికి లాగి, గొళ్లెం చప్పుడు కాకుండా వేలితో పట్టుకుని, తలుపు వేసుకున్నాడు.