పట్టుదలకు మార్కులు

ఆ కాలేజీలో పరీక్ష మార్కులొక్కటే చూడరు. ఓర్పు, పట్టుదల, నిజాయితీ అంటూ మనిషి గుణానికి కూడా మార్కులు వేస్తారు. వంకాయలు ఏరినట్టు గుణాలు ఏరడమేమిటో పుస్తకాలు కుట్టే బైండరుకు అంతుపట్టలేదు. కూతురికి సీటు కావాలి కాబట్టి నోరు మూసుకుని ఇంటర్వ్యూ గది బయట బెంచీ మీద కూర్చున్నాడు. కుడిచెయ్యి జేబులో ఉంది. ఏడాదిగా ఇల్లు దాటితే దాని చోటు అదే.

పక్షవాతం వచ్చిన రోజే ఇంట్లో ఒక కట్టడి పెట్టాడు. చెయ్యి పడిపోయిందన్న మాట గడప దాటకూడదు. చెయ్యి లేవని బైండరుకు పుస్తకాలెవరిస్తారు? అందులోనూ ఎక్కువ పని వచ్చేది ఈ కాలేజీ లైబ్రరీ నుంచే. భార్య పోయి చాలా కాలమైంది, ఉన్నది ఒక్క కూతురు. ఆయన పక్కన కూర్చుని చెబుతుంటే ఆ పిల్లే చిరిగిన పుస్తకాలు విప్పింది, దారానికి మైనం పట్టించి కుట్టింది, జిగురు పూసి బరువు కింద పెట్టింది. షాపుకు ఎవరైనా వస్తే సూదీ దారం తండ్రి ముందుకు తోసి పక్కకు జరిగేది. అలా షాపు నిలబడింది గానీ పిల్ల చదువు చతికిలబడింది.

ఇంటర్వ్యూ గది తలుపు సరిగ్గా పడలేదు. లోపలి మాటలు బయటికి వినిపిస్తున్నాయి.

"అన్ని క్లాసుల్లో ముందున్నావు. పోయినేడాది ఏమైందమ్మా?" ప్రిన్సిపాల్ గొంతు.

"ఏం లేదండీ."

"ఇంట్లో ఏమైనా ఇబ్బందా? చెప్పు, అది కూడా చూస్తాం."

బయట బైండరు తలుపు వైపు వంగాడు. చెప్పు తల్లీ, అనుకున్నాడు. ఆ వెంటనే, చెప్పకు, అనుకున్నాడు. అలా అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"బద్ధకించానండీ," అంది కూతురు.

"పోనీలే, నిజం ఒప్పుకున్నావు. నిజాయితీకి మార్కులు వేస్తాను. కానీ పట్టుదల లేకపోతే ఇక్కడ నెగ్గుకురావడం కష్టమమ్మా. ఇక వెళ్లు."

పిల్ల బయటికి వచ్చి నవ్వు మొహం పెట్టింది. "బాగానే అయింది. పద నాన్నా."

బద్ధకమట! కంటి మీద కునుకు లేకుండా కుట్టిన పిల్లకు బద్ధకమట! బైండరు లేచి తిన్నగా లోపలికి నడిచాడు. కుడిచేతిని ఎడమచేత్తో జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు. అది పెట్టినచోటే పడి ఉంది.

"ఇది ఏడాదిగా కదలడం లేదండీ. మీ పుస్తకాలన్నీ కుట్టింది నా కూతురు. చదువు పక్కన పెట్టి మరీ కుట్టింది. దానిచేత ఆ మాట అనిపించింది నేనే."

బల్ల చివర కూర్చున్న లైబ్రేరియన్ ఆ చేతికేసి చాలాసేపు చూసింది. "ఈ మధ్య కుట్టు ఇంకా గట్టిగా ఉంటోంది. మీ చెయ్యి బాగా కుదిరిందనుకున్నాను," అంది నెమ్మదిగా.

ఆ మాటకు బైండరు మనసు పొంగింది. ముల్లులా గుచ్చుకుంది కూడా.

ప్రిన్సిపాల్ గుమ్మంలో నిలబడ్డ పిల్ల వైపు తిరిగాడు. "మరి మాతో అబద్ధం ఎందుకు చెప్పావు?"

"నిజం చెబితే మాకు పుస్తకాలు ఇవ్వరు కదండీ."

ప్రిన్సిపాల్ కలం అందుకున్నాడు. "నిజాయితీకి వేసిన మార్కులు కొట్టేస్తున్నానమ్మా. పట్టుదలకు వేస్తున్నాను. సీటు నీదే."

మెట్లు దిగుతుండగా కూతురు చటుక్కున ఆగింది. "నేను కాలేజీకి వస్తే కుట్టేదెవరు నాన్నా? షాపు ఎలా?"

ఆ సంగతి బైండరుకు ఆ గదిలో అడుగు పెట్టకముందే తెలుసు.

"మూసేద్దాం," అన్నాడు.

చెయ్యి పడిపోయిననాడు కూడా కంటతడి పెట్టని మనిషి ఆ మెట్ల మీదే కూలబడి బావురుమన్నాడు. కూతురు పక్కన కూర్చుంది. ఊరుకో నాన్నా అని మాత్రం అనలేదు.